మంగళారం గడ్డం

నా తల మీద లెక్కపెడితే
రెండొందల వెంట్రుకలుంటాయేమో.
వాటికి నెలకి నాలుగుసార్లు క్షవరమేటని
మా ఆవిడ అడుగుతాది.
గుణుపురం బస్టాండు వెనక
లోకనాథం సెలూన్లో
కుర్చీ ఒకటే, గొంతులు నాలుగని
ఆవిడకి తెలీక కాదు.

లోకనాథం తాత పెళ్ళిళ్ళకి సన్నాయి ఊదేవాడు.
ఒక కరువులో సన్నాయి అమ్మీసినారు.
ఊపిరి మాత్రం కొనేవాడు దొరకలేదు.
అదే ఇప్పుడు కత్తెర చప్పుడు మీద కాలు మోపి
పాట ఎత్తుకుంటాది.
దాని పైన కూర్మారావు, పద్మపూర్ బస్సు కండక్టరు.
పొద్దల్లా 'రైట్ రైట్' అని చీరుకుపోయిన గొంతు
ఈ గడప దాటితే పట్టుదారం.
నడుమ బృందావన్ పాఢి, మిఠాయి కొట్టువాడు.
తెలుగు మాటని ఒరియా నోట్లో వేసుకుంటే
ప్రతి అకారమూ ఒకారమై
రసగుల్లలా గుండ్రంగా తేల్తాది.
అడుగున ఎలీషా రైకా.
సొవర కొండల్లో, చర్చి బల్లల మధ్య పెరిగిన గొంతు.
అతను పాడేది చెవికి వినపడదు.
కూచున్న బెంచీ మన తొడలకి చెప్తాది.

డప్పు లేదు, హార్మోనీ లేదు.
నీళ్ళు కొట్టే సీసా ఒకటి మధ్యలో 'చుస్సు' మంటాది, అంతే.

బెంచీ మీద రోజూ తగువే.
బియ్యం మిల్లు వాళ్ళంతా కూర్మారావు పార్టీ.
బడి పంతుళ్ళు లోకనాథం వైపు.
పాఢికి ఆడవాళ్ళ ఓట్లు, వీధి అవతల నించి.
నేను ఎలీషా మనిషిని.
అతను ఆపినప్పుడే కదా తెలిసేది,
ఇంతసేపూ ఇల్లు దేని మీద నిలబడిందో.

మూడేళ్ళు వరసగా బరంపురం పోటీలో కప్పు మాదే.
మాదే అంటాను, ఒక్క స్వరం పాడనివాణ్ణి.
ఒక కప్పులో దువ్వెనలు, ఒకదాన్లో పటిక ముక్క.
మూడోది నలుగురి ఇళ్ళూ తిరిగి
ఇప్పుడే అటక మీదుందో ఎవరికీ గుర్తులేదు.

ఈ ఏడు రెండు జీపులూ ఒక పాల వ్యానూ కట్టుకుని వెళ్ళాం.
ఆఖరి చరణంలో పై గొంతు జారింది,
వెంట్రుకవాసి.
వెంట్రుక విలువ నాకెవరూ చెప్పక్కర్లేదు.
కప్పు కటకం కుర్రాళ్ళు పట్టుకుపోయినారు.
బాగానే పాడినారు, దొంగ నాయాళ్ళు.

తిరుగు దారంతా వ్యాన్లో ఖాళీ క్యాన్లే మాట్లాడుకున్నాయి.
గుణుపురంలో దిగుతూ కూర్మారావు
అలవాటు కొద్దీ బండిని రెండుసార్లు తట్టాడు.
'రైట్' అనలేదు.

తెల్లారితే మంగళారం.
మంగళారం గడ్డం గీయించుకుంటే ఏమవుతాదో
మా అమ్మ చెప్పింది, అందరి అమ్మలూ చెప్పారు.
లోకనాథం ఆ రోజు కొట్టు తియ్యడు.
అయినా కాళ్ళు అటే పోయాయి.
చూద్దును కదా, నాకంటే ముందు తొమ్మిది మంది!
మిల్లు మేస్త్రీ, హెడ్మాస్టరు,
ఆదివారమే గీయించుకున్న నున్నటి బుగ్గలు,
ఇంకా మీసమే మొలవని పాఢి మేనల్లుడు.
పాట మాట ఒక్కడూ ఎత్తడు.
వంశధారలో నీళ్ళెంత, ధాన్యం రేటెంత,
మేస్త్రీ మోకాలు నొప్పికి ఏ తైలం.

లోకనాథం వచ్చాడు, నోట్లో వేపపుల్ల.
మమ్మల్ని చూశాడు.
పుల్ల ఉమ్మేసి షట్టరెత్తాడు.
మేస్త్రీ బుగ్గకి నురగ రాశాడు, గీశాడు.
కత్తి మీద నురగ తప్ప ఏమీ రాలేదు.
తుడిచి, మళ్ళీ రాశాడు.

ఎలీషా వచ్చి బెంచీ చివర కూచున్నాడు.
బెంచీ ఏమీ చెప్పలేదు.
ఎవరమూ లేవలేదు.
తొమ్మిదింటికి పద్మపూర్ బస్సు పోయింది,
సెలూన్ ముందు మాత్రం కాస్త నెమ్మదిగా.
మెట్టు మీద ఎవరో ఇటు చూడకుండా నిలబడ్డారు.

ఇంటికొచ్చాను.
మా ఆవిడ నా తల చూసి
'మంగళారం పూటా?' అంది.
కొంగుతో మెడ మీది పౌడరు తుడిచింది.
లోపలికి పోబోయి, గుమ్మంలో ఆగి,
'కూర్మారావు ఏమైనా తిన్నాడా?' అంది.